‘వింటేజ్’ పదం: అర్థపరిణామం, తెలుగు వాడుక

వ్యాససంగ్రహం

ద్రాక్షకోతకు పేరుగా పుట్టిన ‘వింటేజ్’ అనే ఆంగ్లపదం క్రమంగా కోత జరిగిన సంవత్సరానికి, ఆ సంవత్సరపు మద్యానికి, మేలైన సరుకుకు, చివరికి పాతదనానికి పేరయింది. తెలుగులో దీనికి ‘పాతకాలపు’ అనే సమానార్థకమే ఎక్కువగా వినిపిస్తుంది. పాతదనం ఈ పదానికి చివర చేరిన అర్థమనీ, ‘ఫలానా ఏటి ముద్ర’ అన్నదే దాని కేంద్రార్థమనీ ఈ వ్యాసం నిరూపిస్తుంది. ఆ అర్థాన్ని చెప్పడానికి తెలుగు వ్యవసాయ పదజాలంలోని ‘కాపు’ తగిన మాట అని ప్రతిపాదిస్తుంది. ఈ అర్థభేదాన్ని గుర్తిస్తే సాహిత్య విమర్శకు కలిగే ప్రయోజనాన్ని కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: వింటేజ్, అర్థపరిణామం, ఆదానపదం, ద్రాక్షాపాకం, కాపు, అనువాదం, రచనాకాలం.

1. ఉపోద్ఘాతం

ఒక భాషలో పుట్టిన పదం మరో భాషలోకి వచ్చేటప్పుడు తన అర్థాలన్నిటినీ వెంట తెచ్చుకోదు. ఆంగ్లంలో ‘రైల్’ అంటే ప్రధానంగా ఇనుప పట్టా. తెలుగులో ‘రైలు’ అంటే ఆ పట్టాల మీద నడిచే బండి. పట్టాను చెప్పవలసి వస్తే తెలుగువారు ‘రైలు పట్టా’ అంటారు. ఆదానపదాలలో ఇటువంటి అర్థమార్పు సహజమే. దానిని దోషంగా ఎంచనక్కర లేదు. అయితే పోయిన అర్థం ఆలోచనకు అవసరమైనదైతే, దానిని తిరిగి గుర్తు చేయవలసిన బాధ్యత నిఘంటుకర్తలకూ అనువాదకులకూ విమర్శకులకూ ఉంటుంది.

‘వింటేజ్’ అటువంటి పదం. ఈనాడు తెలుగు పత్రికల్లో, ప్రకటనల్లో, సినిమా సంభాషణల్లో ఇది విరివిగా వినిపిస్తోంది. పాత కారు, పాత కెమెరా, పాత నమూనా చీర, పాత పాట అన్నీ ‘వింటేజ్’ అవుతున్నాయి. ఆంగ్ల రచనలను అనువదించేవారు కూడా సందర్భమేదైనా ‘పాతకాలపు’, ‘ప్రాచీన’ అనే విశేషణాలతో సరిపెట్టడం తరచుగా కనిపిస్తుంది. ఈ పర్యాయాలు కొన్ని సందర్భాలకు సరిపోతాయి. కొన్నిచోట్ల మాత్రం మూలార్థాన్ని తలకిందులు చేస్తాయి. ఎందుకంటే, ఈ ఏడు కోసిన ద్రాక్షతో ఈ ఏడే చేసిన మద్యానికి కూడా ‘వింటేజ్’ ఉంటుంది. ఆ వైరుధ్యం ఎలా ఏర్పడిందో తెలియాలంటే పదచరిత్రను పరిశీలించాలి.

2. పదం పుట్టుక: కోత

ఈ పదానికి మూలం లాటిన్‌లోని ‘విండేమియా’. ఇది ‘వీనుమ్’, ‘డేమెరె’ అనే రెండింటి కలయిక. మొదటిదానికి ద్రాక్షమద్యం అని, రెండవదానికి తీసివేయడం, దించడం అని అర్థం. తీగ మీదినుంచి ద్రాక్షను దించడమే విండేమియా. అది పాత ఫ్రెంచిలో ‘వెండెంజ్’గా మారి, అక్కడినుంచి ఇంగ్లండుకు చేరింది. ఆంగ్లంలో మద్యవ్యాపారిని తెలిపే ‘వింట్నర్’ అనే మాట ప్రభావంతో దాని రూపం ‘వింటేజ్’గా స్థిరపడింది. 15వ శతాబ్దపు ఆంగ్లంలో అది ద్రాక్షకోతనూ, కోతలో వచ్చిన పంటనూ తెలిపేది. ఈ దశలో కాలభావన లేదు. ఉన్నది చేతిపని.

పంటను చేతి కదలికతో గుర్తించి పేరు పెట్టడం తెలుగుకు కొత్తది కాదు. తెలుగు రైతు వరిని కోస్తాడు, పత్తిని తీస్తాడు, వేరుశనగను పీకుతాడు, కొబ్బరిని దింపుతాడు. వరికోత, పత్తితీత, కొబ్బరి దింపు అనేవి ఒకదానికొకటి మారుపేర్లు కావు. ఒక్కొక్క పేరులో ఒక్కొక్క పనితీరు ఉంది. కోనసీమ కొబ్బరితోటల్లో వినిపించే ‘దింపు’, లాటిన్‌లోని ‘డేమెరె’ ఒకే రకమైన చర్యను సూచిస్తాయి. హీబ్రూ భాషలో కూడా ధాన్యపు కోతకు ‘కాత్సీర్’, ద్రాక్షకోతకు ‘బాత్సీర్’ అని వేర్వేరు పదాలున్నాయి. ద్రాక్ష ప్రధాన పంటగా ఉన్న సమాజాలు దాని కోతకు ప్రత్యేకమైన పేరు పెట్టుకున్నాయని దీనివల్ల తెలుస్తుంది.

ఈ మొదటి అర్థం ఆంగ్ల కవిత్వంలో చాలాకాలం నిలిచింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో జూలియా వార్డ్ హోవ్ రాసిన యుద్ధగీతం 1862లో అచ్చయింది. అందులో దైవాగ్రహం ద్రాక్షను తొక్కే దృశ్యంగా కనిపిస్తుంది. జాన్ స్టైన్‌బెక్ తన 1939 నవలకు ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ అనే పేరును ఆ గీతంనుంచే తీసుకున్నాడు. గీతంలోని ‘వింటేజ్’ అంటే కోసి తొట్టిలో పోసిన ద్రాక్షరాశి. అక్కడ ‘పాతకాలపు’ అనే అర్థాన్ని అన్వయిస్తే వాక్యమే నిలవదు.

3. అర్థవిస్తరణ: ఏటి ముద్ర

కోత ఏటికొకసారి జరుగుతుంది. అందువల్ల కోత పేరు ఆ కోత జరిగిన ఏటికి పేరు కావడం సులభం. ఇది సామీప్య సంబంధం వల్ల ఏర్పడిన లక్ష్యార్థం. ఆంగ్లంలో 18వ శతాబ్దంనుంచి ‘వింటేజ్’ మద్యం పుట్టిన సంవత్సరాన్ని తెలిపే మాటగా ప్రయోగంలోకి వచ్చింది. మాట కొత్తదే కాని, మద్యాన్ని సంవత్సరంతో గుర్తించే అలవాటు అంతకు ఎంతో ముందునుంచీ ఉంది.

1922లో బయటపడిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో మద్యపు జాడీలు దొరికాయి. వాటిలో చాలావాటి మీద రాజ్యపాలనా సంవత్సరం, తోట వివరం, మద్యం తయారు చేయించిన అధికారి పేరు రాసి ఉన్నాయి. 4వ ఏడు, 5వ ఏడు, 9వ ఏడు అనే గుర్తులు వాటిలో కనిపిస్తాయి. రోమనులు సంవత్సరాన్ని కాన్సుల్ పేరుతో గుర్తించేవారు. క్రీ.పూ. 121లో లూసియస్ ఒపిమియస్ కాన్సుల్‌గా ఉన్న ఏటి మద్యం ‘ఒపిమియన్’గా ప్రసిద్ధి పొందింది. సుమారు రెండు వందల ఏళ్ల తరువాత కూడా అది మిగిలి ఉందనీ, తేనెలా చిక్కబడిందనీ ప్లినీ తన ప్రకృతి చరిత్రలో నమోదు చేశాడు. కవి హొరేస్ తాను పుట్టిన ఏటి మద్యపు జాడీని సంబోధిస్తూ ఒక గీతం రాశాడు. కవికీ మద్యానికీ జన్మసంవత్సరం ఒకటే. ఆ గీతంలో జాడీ పాతబడిన వస్తువు మాత్రమే కాదు, కవికి సమవయస్కురాలు.

మద్యానికి సంవత్సరం ఎందుకు ముఖ్యమంటే, ద్రాక్ష వాతావరణాన్ని దాచుకునే పంట. ఎండ ఎక్కువైతే పండులో చక్కెర పెరిగి పులుపు తగ్గుతుంది. చలి, వాన ఎక్కువైతే పండు ఆలస్యంగా పండుతుంది. కోత తేదీ ఆ ఏటి వేసవికి సాక్ష్యమవుతుంది. ఫ్రెంచి చరిత్రకారుడు ఎమ్మాన్యుయెల్ ల రువా లదురీ 1967లో ప్రచురించిన వాతావరణ చరిత్ర గ్రంథంలో ద్రాక్షకోత తేదీలను ఆధారాలుగా ఉపయోగించాడు. బర్గండీలోని బోన్ పట్టణానికి సంబంధించి 1354నుంచి 2018 వరకు గల కోత తేదీలను పరిశోధకులు 2019లో ఒక వరుసగా ప్రచురించారు. 1988కి ముందు సగటున సెప్టెంబరు 28 ప్రాంతంలో మొదలైన కోత, ఆ తరువాత సగటున 13 రోజులు ముందుకు జరిగిందని ఆ పరిశోధన తేల్చింది. 1815లో తంబోరా అగ్నిపర్వతం పేలిన మరుసటి ఏడు ఐరోపాలో వేసవి సరిగా రాలేదు. ఆ ఏడు కోత చాలా ఆలస్యమైంది. వడగాలుల ఏడైన 2003లో బర్గండీలో కోత ఆగస్టులోనే మొదలైంది.

ఈ ఉదాహరణలవల్ల ఒక విషయం స్పష్టమవుతుంది. ఈ దశలో ‘వింటేజ్’ ప్రశంస కాదు, నమోదు. మంచి ఏటికీ చెడ్డ ఏటికీ సమానంగా వర్తించే తటస్థపదం. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం సీసా మీద ఒక సంవత్సరాన్ని ముద్రించాలంటే అందులోని ద్రాక్షలో కనీసం 85 శాతం ఆ ఏడు కోసినదై ఉండాలి. అది ఎంత పాతదై ఉండాలన్న ప్రశ్నే అక్కడ లేదు. ఫ్రాన్సులో బోజొలె నూవో అనే మద్యం కోత జరిగిన ఏడే, నవంబరు మూడవ గురువారంనాడు విడుదలవుతుంది. దాని వయస్సు కొన్ని వారాలే. అయినా దానికి ‘వింటేజ్’ ఉంది. ‘పాతకాలపు’ అనే తెలుగు పర్యాయం ఇక్కడ పూర్తిగా విఫలమవుతుంది.

4. అర్థోత్కర్ష, అర్థచ్యుతి: మేలిమి, పాతదనం

తటస్థపదం ప్రశంసగా మారడానికి మద్యవ్యాపారంలోనే కారణముంది. షాంపేన్ ప్రాంతంలో సాధారణంగా అనేక సంవత్సరాల మద్యాలను కలిపి ఒకే రుచిని నిలబెడతారు. పంట బాగున్న ఏడు మాత్రమే ఆ ఒక్క ఏటి ద్రాక్షతో ప్రత్యేకంగా చేసి సంవత్సరాన్ని ముద్రిస్తారు. పోర్చుగల్‌లోని పోర్టు మద్యం విషయంలోనూ మేలైన ఏళ్లనే ‘వింటేజ్’గా ప్రకటిస్తారు. సంవత్సరాన్ని ముద్రించడమే మేలిమికి గుర్తయినచోట, సంవత్సరవాచకం మేలిమివాచకం కావడంలో వింత లేదు. దీన్ని అర్థోత్కర్షగా చెప్పవచ్చు. ఆంగ్ల విమర్శకులు ఒక రచయిత పేరుకు ముందు ‘వింటేజ్’ అని చేర్చినప్పుడు, ఆ రచయిత తన సొంత గుణాలతో పరిపక్వంగా కనిపించే రచన అని వారి ఉద్దేశం.

పాతదనం ఇంకొక దారిలో వచ్చింది. మేలైన ఏటి మద్యాన్ని వెంటనే తాగరు, నిలవ ఉంచుతారు. అందువల్ల మేలిమి, నిలవ, వయస్సు ఒకదానిపక్కన ఒకటి చేరాయి. కీట్స్ 1819లో నైటింగేల్‌పై రాసిన గీతంలో ‘వింటేజ్’ అంటే మద్యమే. అయితే ఆ మద్యం భూమి లోతుల్లో దీర్ఘకాలం చల్లబడినదని కవి వర్ణించాడు. అక్కడ పాతదనం పదానికి వెలుపల, విశేషణంలో ఉంది. తరువాతి కాలంలో ఆ విశేషణార్థం పదంలోకి ప్రవేశించింది. 20వ శతాబ్దంలో కార్లకు, దుస్తులకు వర్తించేసరికి ద్రాక్ష పూర్తిగా తొలగిపోయింది.

కార్ల విషయంలో కూడా మొదట పాతదనం ఒక్కటే కొలమానం కాదు. బ్రిటన్‌లో 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ 1930 చివరి వరకు తయారైన కార్లను ప్రమాణంగా తీసుకుంది. ఆ లెక్కలో 1935 నాటి కారు ఎన్నేళ్లు గడిచినా ‘వింటేజ్’ కాదు. అంటే అక్కడ ఏటి ముద్ర ఇంకా మిగిలి ఉంది. భారతదేశంలో 2021లో మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, మూలరూపంలోనే ఉన్న వాహనం ‘వింటేజ్’ వాహనం. ఈ నిర్వచనంలో సంవత్సరం లేదు, వయస్సు ఉంది. ప్రతి ఏడూ కొన్ని వాహనాలు కొత్తగా ‘వింటేజ్’ అవుతుంటాయి. ఈ రెండు నిర్వచనాల మధ్య ఉన్న తేడాయే ఈ పదం కోల్పోయిన అర్థం.

ఫ్రెంచి భాష ఈ అర్థాలను విడివిడిగా నిలుపుకొంది. కోతకు ‘వెండాంజ్’ ఉంది. సంవత్సరానికి ‘మిల్లేజిమ్’ ఉంది. పాత దుస్తులకు, వస్తువులకు ఆంగ్లంనుంచి ‘వింటేజ్’నే తిరిగి తెచ్చుకుంది. తాను ఇచ్చిన పదాన్నే కొత్త అర్థంతో తిరిగి స్వీకరించిందన్న మాట. ఆంగ్లం ఒకే పదంలో కుప్పపోసిన అర్థాలను ఫ్రెంచి మూడు పదాలకు పంచింది. తెలుగు అనువాదకులకు మార్గదర్శకం కావలసింది ఈ రెండవ పద్ధతే.

5. భారతీయ సంప్రదాయంలో ద్రాక్ష: స్థలం, పాకం

ద్రాక్షమద్యానికి సంస్కృత వాఙ్మయంలోనూ పేర్లున్నాయి. అయితే వాటి ఆధారం వేరు. ‘మృద్వీకా’ అంటే ద్రాక్ష. దానినుంచి వచ్చిన మద్యం ‘మార్ద్వీకం’. పాణిని ‘కాపిశీ’ అనే స్థలనామానికి ఒక ప్రత్యేక ప్రత్యయాన్ని విధించాడు. దానికి వ్యాఖ్యాతలు చూపిన ఉదాహరణలు కాపిశాయన మధువు, కాపిశాయనీ ద్రాక్ష. కాపిశీ నేటి అఫ్ఘానిస్థాన్‌లోని బెగ్రామ్ ప్రాంతం. కౌటిల్యుడు కూడా ద్రాక్షరసంతో చేసిన మద్యానికి అది పుట్టిన దేశాన్ని బట్టే కాపిశాయనం, హారహూరకం అనే పేర్లు చెప్పాడు. ఇక్కడ మద్యాన్ని గుర్తించేది స్థలం. సంవత్సరం కాదు.

తెలుగునేల మీద సామాన్యులు తాగింది ద్రాక్షమద్యం కాదు, కల్లు. కల్లు గంటల్లోనే పులుస్తుంది. దానికి ఏటి ముద్ర సాధ్యం కాదు. అందుకే పొద్దుటి కల్లు, సాయంత్రపు కల్లు అని పూటతోనూ, తాటికల్లు, ఈతకల్లు అని చెట్టుతోనూ దాన్ని గుర్తిస్తారు. గీత వృత్తివారు పోతుతాటి కల్లును, పండుతాటి కల్లును కూడా వేరుగా చెబుతారు. దక్కనులో పండే ద్రాక్షది మరో తీరు. ఇక్కడి తీగ చలికాలంలో ఐరోపా తీగలా నిద్రాణం కాదు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరొకసారి కొమ్మలు కత్తిరించి, ఎండలు ముదిరేలోగా ఒక పంట తీస్తారు. హైదరాబాదు పరిసరాల్లో పేరుపొందిన అనాబ్-ఎ-షాహీ కూడా ప్రధానంగా తినే పండే. కనుక శరత్తులో ఊరంతా కలిసి కోసి, తొక్కి, సీసాల్లో ఏడు ముద్రించే సంస్కృతి ఇక్కడ ఏర్పడలేదు. ‘వింటేజ్’కు తెలుగులో సిద్ధంగా ఒక పదం లేకపోవడానికి కారణం ఇదే.

ద్రాక్ష తెలుగు విమర్శకు తెలియనిది మాత్రం కాదు. అది ‘పాకం’గా వచ్చింది. రాజశేఖరుడు కావ్యమీమాంసలో తొమ్మిది పాకాలను చెప్పాడు. వాటిలో మృద్వీకాపాకం మొదట రుచించక, పరిణామంలో రుచించేది. ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుని ఆశ్రయంలో ప్రతాపరుద్రీయం రాసిన విద్యానాథుని దృష్టి వేరు. ఆయన ద్రాక్షాపాకంలో రసం లోపలా వెలుపలా స్ఫురిస్తుంది. నారికేళపాకంలో రసం లోపల దాగి ఉంటుంది. తెలుగు విమర్శలో స్థిరపడింది ఈ రెండవ దృష్టే. రాజశేఖరుని నిర్వచనంలో కాలక్రమం ఉంది. విద్యానాథుని నిర్వచనంలో స్థలక్రమం ఉంది. ఒకటి మొదలు, చివర అంటుంది. మరొకటి లోపల, వెలుపల అంటుంది. ద్రాక్షాపాకం అనగానే సులభగ్రాహ్యత అనే ఒక్క అర్థమే మిగలడంతో, ఆ పదంలో ఒకనాడు ఉన్న కాలస్పృహ తెలుగు విమర్శనుంచి జారిపోయింది.

రెండు సంప్రదాయాలూ ద్రాక్షనుంచే విమర్శపదాన్ని తీసుకున్నాయి. పాకంలో కనిపించే కాలం పాఠకుడు చదువుతున్నప్పటి కాలం. వింటేజ్‌లో ఉన్నది రచన పుట్టిన కాలం. ఈ కారణంవల్ల ‘పాకం’ అన్న మాట ‘వింటేజ్’కు అనువాదంగా చెల్లదు. రెండూ విమర్శకు అవసరమైన భిన్నమైన పనిముట్లు.

6. అనువాద మార్గం: పరిగెనుంచి కాపు దాకా

ద్రాక్షసేద్యానికి చెందిన పదాలను తెలుగు చేయవలసిన అవసరం మొదట విస్తృతంగా ఎదురైనది బైబిలు అనువాదకులకు. వారు అనుసరించిన పద్ధతి గమనింపదగినది. ద్రాక్షకోతను ‘ద్రాక్షపండ్ల కోత’ అన్నారు. కోత తరువాత మిగిలిన పండ్లను ఏరుకోవడానికి, వరిచేలలో వెన్నులేరుకోవడానికి తెలుగువారు వాడే ‘పరిగె’ అనే మాటను తీసుకున్నారు. ద్రాక్షను పిండే చోటుకు నూనె తీసే ‘గానుగ’ను వాడుకున్నారు. తెలియని పంటను తెలిసిన పొలం మాటలతో చెప్పారు. కొత్త సమాసాలను కల్పించకుండా, ఉన్న మాట పరిధిని కొంచెం పెంచారు. ‘పరిగె’ అనగానే తెలుగు పాఠకునికి పేదవారి హక్కు, పొలంగట్టు, వంగిన నడుము గుర్తుకు వస్తాయి. మూలంలోని సామాజికార్థం కూడా అదే.

అదే పద్ధతిని ‘వింటేజ్’ సంవత్సరార్థానికి అనుసరిస్తే ‘కాపు’ దొరుకుతుంది. చెట్టు ఒక ఏడు ఇచ్చిన ఫలసాయాన్ని తెలుగువారు కాపు అంటారు. ‘ఈ ఏడు మామిడి కాపు బాగుంది’, ‘కిందటేడు చింతకాపు లేదు’ అనే వాక్యాలు పల్లెల్లో సహజంగా వినిపిస్తాయి. ఈ మాటలో మూడు అంశాలున్నాయి. ఇది చెట్టుకూ తీగకూ వర్తిస్తుంది. ఏటితో ముడిపడి ఉంది. మంచికీ చెడుకూ సమానంగా చెల్లుతుంది. మూడవ అంశం ముఖ్యమైనది. ‘మంచి కాపు’, ‘పలచని కాపు’, ‘కాపు లేని ఏడు’ అని చెప్పగలగడంవల్ల ‘వింటేజ్’ తటస్థార్థం ఇందులో చెక్కుచెదరదు. ‘2003 కాపు’ అంటే ఆ ఏటి ద్రాక్ష, ఆ ద్రాక్షతో చేసిన మద్యం రెండూ బోధపడతాయి.

ఈ ప్రతిపాదనకు రెండు అభ్యంతరాలు రావచ్చు. ‘కాపు’కు కావలి, రైతు, కులనామం వంటి ఇతరార్థాలున్నాయన్నది మొదటిది. సంవత్సర సంఖ్యో, పండు పేరో పక్కన ఉన్నప్పుడు అర్థసందేహం కలగదు. ‘ఏటి కాపు’ అన్నచోట మాత్రం ఏడు, ఏరు అనే రెండు మాటలకూ ఔపవిభక్తిక రూపం ‘ఏటి’ కావడంవల్ల సందేహం కలగవచ్చు. అక్కడ ‘ఆ యేడాది కాపు’ అనడం మేలు. ‘కాపు’ పండుకు చెందినదే తప్ప పానీయానికి చెందినది కాదన్నది రెండవ అభ్యంతరం. ‘వింటేజ్’ కూడా మొదట పండుకు చెందినదే. పండునుంచి పానీయానికి లక్షణచేత విస్తరించింది. అదే విస్తరణ తెలుగులోనూ సాధ్యమే.

దీనివల్ల ఒకే పర్యాయంతో అన్నిచోట్లా సరిపెట్టే పద్ధతి తప్పుతుంది. క్రియను చెప్పినచోట ‘ద్రాక్షకోత’, సంవత్సరాన్నీ దాని ఫలాన్నీ చెప్పినచోట ‘కాపు’, పరిపక్వమైన మేలిమిని చెప్పినచోట ‘మేలికాపు’, కేవలం వయస్సును చెప్పినచోట ‘పాతకాలపు’ అనే మాటలను సందర్భానుసారం ఎంచుకోవచ్చు.

7. సినిమా వాడుక

తెలుగులో ‘వింటేజ్’ అత్యధికంగా వినిపించేది సినిమా అభిమానుల నోట. ఒక కథానాయకుడు తన పూర్వపు వేషధారణతో, నాట్యంతో, హాస్యంతో తెర మీద కనిపిస్తే ‘వింటేజ్ లుక్’ అంటారు. ‘వింటేజ్ చిరంజీవి’ వంటి ప్రయోగాలు ఈ కోవలోనివి. భాషావిమర్శకులు వీటిని అపప్రయోగాలుగా తోసిపుచ్చే అవకాశం ఉంది. పరిశీలిస్తే ఈ ప్రయోగంలో సూక్ష్మత ఉంది.

ఇక్కడ అభిమాని ‘పాత చిరంజీవి’ అనడం లేదు. నటుని మొత్తం గతాన్నీ సూచించడం లేదు. ఆ నటుడు తన ప్రత్యేకతలతో వెలిగిన కొన్ని ఏళ్లను ఉద్దేశిస్తున్నాడు. ఆ ఏళ్లను ప్రత్యక్షంగా చూసిన ప్రేక్షకుడు ఆ ముద్రను పోల్చగలుగుతాడు. అంటే ఇందులో సంవత్సరముంది, మేలిమి ఉంది, వ్యక్తిముద్ర ఉంది. ‘వింటేజ్’ అర్థపరిణామంలోని రెండవ, మూడవ దశలు రెండూ ఇక్కడ సజీవంగా ఉన్నాయి. వాహన నిబంధనలోనూ, దుకాణపు ప్రకటనలోనూ పోయిన అర్థం అభిమాని వాడుకలో మిగిలింది. ‘పాతకాలపు’ అని రాసే అనువాదకుని కంటే సినిమా హాలులో కేక వేసే యువకుడు ఈ పదాన్ని ఎక్కువ సరిగా గ్రహించాడని చెప్పక తప్పదు.

8. సాహిత్య విమర్శకు దీని ప్రయోజనం

పూర్వ రచనలను మెచ్చుకోవడానికి తెలుగులో ఎక్కువగా వాడే ఉపమానాలు ‘ఆణిముత్యం’, ‘పాత బంగారం’. ఇవి ఖనిజలోకానికీ రత్నలోకానికీ చెందినవి. బంగారాన్ని ఏ ఏడు తవ్వినా అది బంగారమే. దాని విలువకూ అది బయటపడిన ఏటికీ సంబంధం లేదు. ద్రాక్ష అలాంటిది కాదు. అదే తోటలో, అదే తీగకు, అదే రైతు చేతిలో పండినా ఏడు మారితే రసం మారుతుంది. రచనను బంగారంతో పోల్చితే అది కాలాతీతమవుతుంది. కాపుతో పోల్చితే అది కాలానికి సాక్షి అవుతుంది. మొదటి ఉపమానం ప్రశంసకు చాలు. విమర్శకు రెండవది కావాలి.

గురజాడ కన్యాశుల్కం దీనికి మంచి నిదర్శనం. 1892లో ప్రదర్శితమైన ఈ నాటకం 1897లో తొలిసారి అచ్చయింది. 1909లో గురజాడ దానిని బాగా పెంచి, మార్చి రెండవ కూర్పుగా వెలువరించాడు. ఈనాడు సాధారణంగా చదివేది రెండవ కూర్పునే. అయినా కన్యాశుల్కాన్ని 19వ శతాబ్దపు సంస్కరణోద్యమ రచనగా మాత్రమే వివరించి, ఉదాహరణలను 1909 పాఠంనుంచి ఇవ్వడం అరుదు కాదు. ఇది ఒక ఏటి సీసాకు మరొక ఏటి చీటీ అంటించడం వంటిది. రెండు కూర్పుల నడుమ గడిచిన 12 ఏళ్లలో రచయిత భాషాదృష్టి, సమాజదృష్టి ఎక్కడికి చేరాయన్న ప్రశ్నకు, రెండింటినీ రెండు కాపులుగా చూసినప్పుడే సమాధానం దొరుకుతుంది.

శ్రీశ్రీ మహాప్రస్థానం విషయంలో సమస్య మరో విధంగా ఉంది. అందులోని గేయాలు ప్రధానంగా 1930ల దశకంలో రాసినవి. పుస్తకంగా వెలువడింది 1950లో. ద్రాక్ష కోసిన ఏడు వేరు, సీసా మార్కెట్టుకు వచ్చిన ఏడు వేరు. మద్యపు చీటీ మీద ముద్రించేది మొదటి ఏడునే. సాహిత్యచరిత్రలు మాత్రం పుస్తకం వెలువడిన ఏటినే శీర్షిక పక్కన చూపుతుంటాయి. ఆ ఏటిని మాత్రమే గుర్తుంచుకున్న విద్యార్థి ఈ గేయాలను స్వాతంత్ర్యానంతర రచనలుగా పొరబడే ప్రమాదముంది. ఆర్థికమాంద్యపు దశకంలో, పరాయిపాలనలో, యుద్ధం ముంచుకొస్తున్న వేళ పుట్టిన ఆవేశం ఆ ఒక్క తేదీ పొరపాటుతో నేపథ్యాన్ని కోల్పోతుంది.

పాఠ్యపుస్తకాల్లో, సంకలనాల్లో రచనాకాలాన్ని, తొలి ప్రచురణకాలాన్ని, ప్రస్తుత పాఠానికి ఆధారమైన కూర్పును వేర్వేరుగా చూపవలసిన అవసరం దీనివల్ల తేటపడుతుంది. తేదీ లేని కవిత కాలాతీతం కాదు, కేవలం తేదీ పోయిన కవిత. పరిశోధకుడు ఒక రచనను చేతిలోకి తీసుకున్నప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఇది ఎంత పాతది?’ కాదు, ‘ఇది ఏ యేటి కాపు?’

9. ముగింపు

పై చర్చనుంచి తేలిన అంశాలివి.

‘వింటేజ్’ పదం కోత, ఏడు, మేలిమి, పాతదనం అనే నాలుగు అర్థదశలను దాటింది. పాతదనం వాటిలో చివరిది. పదచరిత్రలో కేంద్రస్థానం ఏటి ముద్రది.

భారతీయ సంప్రదాయం ద్రాక్షమద్యాన్ని స్థలంతోనూ, కావ్యాన్ని ద్రాక్షాపాకంతోనూ గుర్తించింది. ఏటితో గుర్తించే సంస్కృతి ఇక్కడ ఏర్పడకపోవడానికి వ్యవసాయ కారణాలున్నాయి. అందువల్ల తెలుగులో సిద్ధమైన పర్యాయం లేదు. ‘పాకం’ దీనికి పర్యాయం కాదు.

సంవత్సరార్థానికి ‘కాపు’ సహజమైన తెలుగు మాట. బైబిలు అనువాదంలోని ‘పరిగె’, ‘గానుగ’ ఈ పద్ధతికి పూర్వ నిదర్శనాలు. సందర్భాన్ని బట్టి కోత, కాపు, మేలికాపు, పాతకాలపు అనే మాటలను విడివిడిగా వాడడం ఉచితం.

తెలుగు రైతు మామిడిచెట్టు కింద నిలబడి ఈ ఏటి కాపునూ నిరుటి కాపునూ పోల్చి మాట్లాడతాడు. అదే చెట్టు, అయినా రెండు కాపులూ ఒకటి కావని అతనికి తెలుసు. ఒకే కవి రెండు ఏళ్లలో రాసిన రెండు రచనల విషయంలో విమర్శకునికి ఉండవలసిన తెలివిడి కూడా అదే.